తాగకుండా కింద పెట్టిన కాఫీ

ఉద్యోగం పోయినవాళ్లకి కొన్ని దేశాల్లో సర్కారే భృతి ఇస్తుందట. మా పాత కంపెనీలో నా తరవాత చేరి, ఇప్పుడు ఎక్కడెక్కడో స్థిరపడిన కుర్రాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఆ భృతి కష్టాలు చెబుతుంటారు. దరఖాస్తు సరిగ్గా నింపలేదన్నారట. ఉద్యోగం వెతుకుతున్నట్టు రుజువు తెమ్మన్నారట. ఆ ఆఫీసువాళ్లు ఎంతకీ ఫోన్ ఎత్తరట. నేను అయ్యో పాపం అంటాను గానీ, లోపల కొంచెం కుళ్లు కూడా ఉంటుంది. నాయనా, మిమ్మల్ని ఉద్యోగం వెతుక్కోమని డబ్బిచ్చి మరీ తరుముతున్నారు. తొంభైల్లో దోహాలో నా ఉద్యోగం ఊడినప్పుడు, నేను ఇంకోటి వెతుక్కుంటున్నానని తెలిస్తేనే ముప్పు.

నేను ఏసీ డక్టుల డ్రాయింగులు గీసేవాణ్ని. కాకినాడలో డిప్లొమా చదివి, బొంబాయిలో కొన్నాళ్లు చేసి, అక్కణ్నించి కతార్ వెళ్లాను. మాదో కాంట్రాక్టు కంపెనీ. రావలసిన పెద్ద ప్రాజెక్టు ఒకటి చేజారిపోయేసరికి మా డ్రాయింగ్ సెక్షన్ మొత్తాన్ని ఓ మధ్యాహ్నం పిలిచి, టీ, బిస్కెట్లు పెట్టి, ఇక మీకు పని లేదన్నారు. అన్నేళ్లలో కంపెనీ మాకు బిస్కెట్లు పెట్టడం అదే మొదలు. వాటిని చూడగానే నాకు అనుమానం వచ్చింది.

ఇప్పటి పిల్లలకి అక్కడి పద్ధతి ఒక్క ముక్కలో చెప్పాలి. అక్కడ మన వీసా మనది కాదు, కంపెనీది. కంపెనీ వెనక ఒక కతారీ పెద్దమనిషి ఉంటాడు, ఆయన కఫీల్, అంటే మనకి పూచీ. ఈ మనిషి వేరేచోట చేరడానికి నాకు అభ్యంతరం లేదని ఆయన సంతకం పెడితేనే కొత్త ఉద్యోగం. దాన్ని రిలీజ్ అనేవాళ్లం. సంతకం లేకపోతే ఇంటికెళ్లిపోవాలి, పైగా రెండేళ్ల దాకా మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టకూడదు.

భృతిలాంటిది మాకూ ఒకటి ఉండేది. చేసిన సర్వీసుకి చివర్లో కంపెనీ ఇచ్చే డబ్బు. కాకపోతే అది పుచ్చుకుంటూ చేసే సంతకం వీసా రద్దుకి కూడా ఒప్పుకున్నట్టే. పుచ్చుకుంటే విమానం ఎక్కాలి, పుచ్చుకోకపోతే ఇల్లు గడవదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ మధ్యలో కుర్చీ వేసుకుని నేను రోజూ పొద్దున్నే అకౌంట్స్ గది ముందు కూర్చునేవాణ్ని. పిలిస్తే భయం, పిలవకపోతే ఇంకా భయం.

ఉద్యోగం మాత్రం దొరికింది. దోహాలోనే మదీనత్ ఖలీఫా అనే పేటలో విల్లాలు కడుతున్న ఒక కంపెనీ ఇంజనీరు నా డ్రాయింగులు తిప్పి తిప్పి చూసి, "రిలీజ్ తెచ్చుకోండి, వచ్చే వారమే చేరండి. తేలేకపోతే చెప్పేయండి, ఇంకొకాయన వెయిట్ చేస్తున్నాడు" అన్నాడు. నేను గాల్లో తేలుతూ మా మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయనా మన దేశస్థుడే, చెడ్డవాడు కూడా కాదు.

"మా మనుషుల్ని తీసుకెళ్లి పక్క కంపెనీకి మేమే అప్పజెప్పాలా?" అన్నాడు. "మీ ఒక్కరికిస్తే రేపు సెక్షనంతా నా గుమ్మం ముందుంటుంది."

"మీకు మేం అక్కర్లేదు కదండీ. పంపించేస్తున్నారు కదా."

"అక్కర్లేకపోవడం వేరు, పక్కవాడికి ఇవ్వడం వేరు" అని, నా మొహం చూసి కొంచెం మెత్తబడి, "సరే, రేపు చూద్దాం" అన్నాడు.

ఆ రేపు రోజూ వాయిదా పడుతూ వచ్చింది. ఈలోగా మా ఆఫీసువాళ్లే గురువారానికి మా ముగ్గురికీ, అంటే నాకూ మా ఆవిడకీ మా అమ్మాయికీ, టికెట్లు తీసేశారు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో రెండు గదుల వాటా మాది. మా ఆవిడ ప్రయాణం ఖాయమనుకుని పొద్దున్న గిన్నెలన్నీ పెట్టెలో సర్దేది. సాయంత్రం వంటకి మళ్లీ బయటకి తీసేది. అమ్మాయి, "నాన్నా, గురువారం స్కూల్లో డ్రాయింగ్ పోటీ ఉంది, పేరు ఇవ్వనా వద్దా?" అని రోజూ అడిగేది. ఇవ్వమనడానికి నోరు రాదు, వద్దనడానికి మనసు రాదు. మా ఊళ్లో నాకోసం ఏ ఉద్యోగమూ కాచుకుని లేదు. బొంబాయిలో నా పాత కుర్చీలో వేరేవాడు ఎప్పుడో కూర్చున్నాడు. రాత్రుళ్లు నిద్ర పట్టక ఇద్దరం చెరో గోడా చూస్తూ పడుకునేవాళ్లం.

జీతం ఆగితే మగవాడికి భక్తి మొదలవుతుందని మా ఆవిడ ఎప్పుడూ అనే మాట. నా విషయంలో అది నిజమే. అది కార్తీక మాసం. అన్నేళ్లూ ఒక్క సోమవారం కూడా ఉండనివాణ్ని, ఆ ఏడాది అడక్కుండానే ఉపవాసం ఉంటానన్నాను. మా వైపు చాలామంది ఉపవాసమంటూనే కాఫీల మీద కాఫీలు తాగేస్తారు. మా అత్తవారి పద్ధతి అలా కాదు. చుక్క కనబడేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు.

అలాంటి సోమవారమే పొద్దున్న అకౌంట్స్ గది ముందు కూర్చుని ఉంటే కఫీల్ గారి డ్రైవర్ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. కఫీల్ గారు పెద్దాయన, దోహా రావడం ఎప్పుడో మానేసి రువైస్‌లో సముద్రం పక్కన ఉంటున్నారు. డ్రైవర్ వారానికోసారి మా ఆఫీసుకొచ్చి కాగితాలు, ఇంటి సామాను పట్టుకెళ్లేవాడు. అతనికి సెలవు రావలసి ఏడాది దాటిపోయింది. అడిగినప్పుడల్లా పెద్దాయన రంజాన్ అయ్యాక అనేవారు, రంజాన్ అయ్యాక పండగ అయ్యాక అనేవారు. వేరే డ్రైవర్ బండి ఎక్కడం ఆయనకి నచ్చదు. అతను వచ్చిన ఏడే ఇంటి దగ్గర కూతురు పుట్టింది. ఆ పాపని ఫోటోలోనే చూశాడు.

నా సంగతంతా విని అతను తల పట్టుకున్నాడు.

"గీ మేనేజర్‌తోని ఏమైతది సార్? సంతకం ముసలాయనది. ముద్ర గూడ ఆయన జేబులనే ఉంటది. నేను పగటీలి తిన్నంక పోతున్న, బండ్ల కూసోండ్రి. ఆయన అందరినీ రానిస్తడు, మంచిగ మాట్లాడుతడు."

"నాకు అరబ్బీ రాదు కదా తమ్ముడూ."

"నాకొస్తది గద. నేను చెప్త."

మా టైపిస్టుకి విషయం తెలిసి, మేనేజర్ భోజనానికి వెళ్లిన సందులో లెటర్‌హెడ్ మీద రిలీజ్ కొట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నా వంతు అయింది. సంతకం నీ తలరాత" అన్నాడు. నేను ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ అన్నీ విని, "ఏవండీ, వాళ్లు కాఫీ ఇస్తారు. మొహమాటానికి పోయి తాగేసేరు సుమా. ఇన్నాళ్లకి ఒక్క సోమవారం ఉన్నారు, అది కాస్తా పాడు చేసుకోకండి" అంది.

రువైస్ దాకా దారంతా ఎడారే. డ్రైవర్ తన కూతురి గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను ఊ కొట్టానే గానీ ఒక్క ముక్కా ఎక్కలేదు. పెద్దాయనతో చెప్పవలసిన మాటలు మనసులో కూర్చుకోవడం, కూర్చినవి మర్చిపోవడం, ఇదే పని. ఆ ధ్యాసలో ఆకలి కూడా తెలియలేదు.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం నమాజు అయింది. మజ్లిస్ అంటే వాళ్ల సావిడి. పొడుగాటి గది, గోడల చుట్టూ తివాచీలు, దిండ్లు, వాటిని ఆనుకుని ఏడెనిమిది మంది పెద్దవాళ్లు. కఫీల్ గారు బక్కపల్చని మనిషి, తెల్ల గడ్డం, సముద్రం మీద ఎండకి కమిలిన మొహం. నన్ను తన పక్కనే కూర్చోమన్నారు. డ్రైవర్ మామూలుగా గుమ్మం బయట, చెప్పుల దగ్గర కూర్చునేవాడట. ఆ రోజు నాకు మాట సాయం కావాలని లోపలికి వచ్చి, నా వెనకాల మోకాళ్ల మీద కూర్చున్నాడు.

నేను అనుకున్నట్టే కాఫీ వచ్చింది. మన కాఫీ కాదు, ఏలకుల వాసన వేసే పసుపుపచ్చటి కాఫీ, చిన్న పింగాణీ గిన్నెలో రెండు గుక్కలు. పోసేవాడు ఎదురుగా నిలబడి అందించాడు. వద్దంటే వాళ్లకి అవమానం, తాగితే మా ఆవిడ ముందు తలెత్తుకోలేను. నాకు తోచిన తెలివల్లా ఒకటే. గిన్నె మర్యాదగా అందుకుని, ఎవరూ చూడరులే అనుకుని మెల్లిగా తివాచీ మీద పెట్టేశాను.

గదిలో మాటలు ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ ఎదురుగా ఉన్న ముసలాయనైతే ముందుకి వంగి మరీ చూస్తున్నాడు.  కఫీల్ గారు నిటారుగా సర్దుకుని కూర్చుని, చాలా గంభీరంగా ఏదో అడిగారు.

"ఏం కావాల్నో చెప్పుమంటుండు సార్" అన్నాడు డ్రైవర్.

కాఫీ బదులు ఇంకేం తాగుతావని అడుగుతున్నారనుకున్నాను. "ఏమీ వద్దని చెప్పు తమ్ముడూ. ఈవేళ ఉపవాసమని చెప్పు."

డ్రైవర్ చెప్పాడు.  కఫీల్ గారు పకపకా నవ్వడం మొదలెట్టారు. గదంతా నవ్వింది. నవ్వు ఆగాక ఆయన డ్రైవర్‌కి చాలాసేపు వివరించారు. డ్రైవర్ వింటున్నకొద్దీ అతని మొహం పాలిపోయింది.

"సార్, వీళ్లల్ల ఒక రివాజు ఉన్నదట. వచ్చినోడు కాఫీ తాగకుంట కింద పెడితే, నాకొక పని కావాలె, అది చేస్తనంటేనే తాగుత అన్నట్టట. అట్ల పెట్టినోన్ని కాదంటే ఇంటికే ఇజ్జత్ పోతదట. అందుకే ఏం కావాలె అని అడిగిండు. మనమేమో ఏమొద్దన్నం."

 చూశారా, మా అత్తవారి ఆచారం వాళ్ల ఆచారం తలుపుని నా చేత తట్టించింది, తలుపు తెరిచారు కూడా. నేను గుమ్మంలో నిలబడి, ఏం పని లేదండీ, ఊరికే వచ్చానన్నాను. "కాదు కాదు, పని ఉందని చెప్పు, చాలా పెద్ద పని ఉందని చెప్పు" అని డ్రైవర్ మోచెయ్యి పట్టుకుని ఊపేశాను. కఫీల్ గారు చెయ్యెత్తి ఆపారు.

"ఆయనకు గూడ ఇయ్యాల ఉపాసమేనట సార్. సోమారం, బేస్తారం ఉంటడట. ఉపాసమున్న ఇద్దరు పని మాటలెందుకు, పొద్దుగూకినంక మాట్లాడదాం అంటుండు."

సూర్యాస్తమయం దాకా ఆ గదిలో ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. వాళ్లు చేపల గురించి, వలల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను కిటికీలోంచి ఎండ ఎంత దిగిందో చూస్తున్నాను. ఇప్పుడు ఆయనకి నా మీద నవ్వులాట తప్ప ఇంకేం మిగలలేదేమో అనిపించింది. ఎవరైనా లేచి వస్తానంటే, ఆయన కూడా లేచిపోతారేమోనని నా ప్రాణం పోయేది. గురువారం నాటి విమానం అప్పుడే ఎక్కేసినట్టు చెవుల్లో హోరు.

సాయంత్రం నమాజుకి పిలుపు, మగ్రిబ్ అజాన్ వినబడింది. ఖర్జూరాలు, నీళ్లు వచ్చాయి. ఆయన ఖర్జూరం నోట్లో వేసుకుని నా వైపు పళ్లెం జరిపారు. నేను మళ్లీ తల అడ్డంగా ఊపవలసి వచ్చింది. చుక్క కనబడాలి కదా! డ్రైవర్ నుదురు కొట్టుకుంటూనే ఆ మాట చేరవేశాడు. ఈసారి ఆయన నవ్వలేదు. నమాజు చేసి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి వాకిట్లోకి తీసుకెళ్లారు. చిన్నప్పటి నుంచీ పడవల మీద తిరిగిన మనిషి, మనకి మన వీధి ఎంత బాగా తెలుసో ఆయనకి ఆకాశం అంత బాగా తెలుసు. నాకు ఏమీ కనబడని చోట వేలు పెట్టి చూపించారు. కళ్లు చికిలించి చూడగా చూడగా, పడవల కొయ్యల పైన చిన్నగా మెరిసింది. నేను దణ్ణం పెట్టుకున్నాను. ఆయన అది అయ్యేదాకా ఆగి, తన చేత్తోనే నాకు ఖర్జూరం అందించారు. అప్పుడు మాత్రం నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

రొట్టె, పెరుగు తిన్నాక మళ్లీ కాఫీ తిరిగింది. ఈసారి నేను గిన్నె అందుకుని, అందరికీ కనబడేట్టు కింద పెట్టాను. గది మళ్లీ గొల్లుమంది. కఫీల్ గారు, "ఉపాసం ఇంక అయిపోలేదా?" అన్నారట. తరవాత చెప్పమన్నట్టు చెయ్యి తిప్పారు.

నేను చెప్పాను. కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. కొత్త ఉద్యోగం, గురువారం టికెట్లు, అమ్మాయి స్కూలు, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా చెప్పుకుపోయాను. డ్రైవర్ దాన్ని ఏ వరసలో పెట్టి చెప్పాడో గానీ, పెద్దాయన కళ్లు మూసుకుని విన్నారు. చివరికి తాగమని సైగ చేశారు.

"అయితది తాగుమంటుండు సార్!"

గటగటా తాగేశాను. ఆ వేడికి నాలుక చురుక్కుమంది. అప్పుడు వినబడింది ఆ మాట. "బుక్రా, ఇన్షా అల్లా."

అల్లా దయ ఉంటే రేపు. ఆ మాటకి అర్థం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అన్నాళ్లూ ఆఫీసులో విన్నది అదే. రేపు మేనేజర్‌కి ఫోన్ చేసి ఆయనతో ఒక మాట అనుకుని చేస్తానంటున్నారని డ్రైవర్ చెప్పాడు. మేనేజర్ ఏమంటాడో నాకు తెలుసు. పెద్దాయన మంచివాడు, కానీ ఆఫీసు నడిపేది మేనేజర్. అతను చెబితే ఈయన వింటారు. కాగితం నా చేతిలోనే ఉంది, ముద్ర ఆయన జేబులో ఉంది, మధ్యలో మూరెడు దూరం. అయినా ఇంకేం అడగను? గిన్నె ఖాళీ చేసి పెట్టుకున్నాను. లేచి సలాం చెప్పడమే మిగిలింది.

ఈలోగా కాఫీ పోసేవాడు వరసలో ముందుకి జరుగుతూ, లోపల కూర్చున్నాడు కదా అని డ్రైవర్‌కి కూడా ఒక గిన్నె అందించాడు. డ్రైవర్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే చూశాడు. తరవాత తివాచీ మీద పెట్టాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎదురుగా ఉన్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు.  అతనికి సెలవు కావాలని, ఆ మాట పెద్దాయనకి చిరాకని ఆ గదిలో అందరికీ తెలుసు. ఇంతకంటే మంచి అదను అతనికి మళ్లీ రాదు, న్యాయంగా అడగవలసినవాడే. కానీ ఇవాళే, నా పని ఇలా గాల్లో వేలాడుతుండగానా? ఆయనకి కోపం వస్తే నా 'రేపు' కూడా పోతుంది. తాగెయ్ తమ్ముడూ, తాగెయ్ అని లోపల జపం చేస్తున్నాను.

కఫీల్ గారు అతన్ని తేరిపార చూసి అడిగారు. అతను తల వంచుకుని, నాలుగు మాటలే అన్నాడు. అందులో నాకు 'అల్ యౌమ్' అన్నది ఒక్కటే తెలిసింది. అంటే ఇవాళ. పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. ఏదో రెట్టించి అడిగారు. డ్రైవర్ మళ్లీ అదే చెప్పాడు.

ఆయన నా వైపు తిరిగి చెయ్యి చాచారు.

నాకు అర్థం కాలేదు. "కాగితం ఇయ్యిండ్రి సార్" అన్నాడు డ్రైవర్, నా వైపు చూడకుండానే.

ఆయన మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశారు. జేబులోంచి ముద్ర తీసి, నోటితో ఆవిరి పట్టి ఒత్తారు. డ్రైవర్ గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

బండి రువైస్ దాటింది. కాగితం మడత పెట్టడానికి కూడా భయమేసి, రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను.

"ఏమడిగావు తమ్ముడూ?"

"సార్ కాగితం మీద ఇయ్యాలనే సంతకం పెట్టుమన్న. నీ సెలవు సంగతేందిరా అన్నడు. అది కాదు, ఇదే అన్న."

"నీకు ఏడాదై సెలవు రావాలి కదయ్యా. కూతుర్ని చూడలేదు కదా. ఆ గిన్నె నీకు మళ్లీ ఇస్తారో ఇవ్వరో. నా కోసం ఎందుకు పెట్టావు?"

"సంతకం గాకపోతే రేపు మల్ల గింత తొవ్వ నేనే తోలాలె గద" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అతను ఎదర రోడ్డే చూస్తూ అన్నాడు.

"నాకేమైంది సార్. నాకు నౌకరి ఉన్నది."